నాలుగు పంటలు తిప్పినా వేళ్లకు ముడులెందుకు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. బోరు కింద 40 సెంట్ల ఎర్ర గరపనేల ఉంది. ఎనిమిదేళ్ల కిందటి వరకు పొగాకు వేసేవాళ్లం. నాలుగేళ్లుగా కూరగాయలే, పురుగుమందులు బాగా తగ్గించి పండిస్తున్నాం. పంట మార్పిడి చేయాలని చదివి, పొలాన్ని 10 సెంట్ల చొప్పున నాలుగు చెక్కలు చేసి టమాటా, బెండ, బీర, అలసంద ఒకదాని వెనక ఒకటి తిప్పుతున్నాం. మొదటి ఏడాది బాగానే వచ్చింది. ఇప్పుడు ఏ చెక్కలో ఏది వేసినా గిడసబారిపోతోంది. ఈసారి టమాటా మధ్యాహ్నానికి వాడి, చల్లబడ్డాక తేరుకుంటోంది. పీకి చూస్తే వేళ్ల నిండా ముడులు. అవి నేలకు బలం చేసే బుడిపెలేనని తెలిసినాయన ఒకరు అన్నారు. టమాటా మొదళ్ల దగ్గర ఆకుల్లేని ఊదాపూల మొక్కలు కూడా లేస్తున్నాయి. పంట మారుస్తున్నా ఎందుకిలా అవుతోంది? ఒక చెక్కలో బొప్పాయి పెడితే మేలా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఆ ముడుల సంగతి తేల్చుకుందాం. చేయాల్సిందంతా దాన్నిబట్టే ఉంటుంది. వాడిన మొక్కను చేత్తో లాగకండి. లాగితే సన్నవేళ్లు తెగి నేలలోనే ఉండిపోతాయి, చూడాల్సినవి అవే. జానెడు దూరంలో పార దించి మట్టిపెళ్లతో సహా లేపండి. బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టి, మట్టి దానంతటదే జారిపోయేలా మెల్లగా ఆడించండి. అలసంద మొక్కనొకదాన్ని కూడా అలాగే లేపి కడిగి పక్కన పెట్టుకోండి. అలసంద వేరుకు పక్కగా అతుక్కుని గుండ్రటి పూసలు కనిపిస్తాయి. గోటితో తోస్తే ఊడి వస్తాయి. చిదిమితే లోపల లేత గులాబీ రంగు ఉంటుంది. నత్రజని బుడిపెలంటే అవి. టమాటా వేరుకున్నవి అలా ఊడిరావు. వేరే ఉబ్బి, తాడుకు వరసగా ముళ్లు వేసినట్టు ఉంటుంది. గోటితో తీయబోతే వేరే తెగుతుంది. టమాటా పప్పుజాతి మొక్క కాదు, దానికి నత్రజని బుడిపెలు రానే రావు. మీకు చెప్పినాయన పొరబడ్డారు. ఇది వేరుముడి నులిపురుగు, అంటే వేళ్లలో చేరి ముడులు కట్టించే, కంటికి ఆననంత సన్నటి పురుగు. మందుల దుకాణాల్లో నెమటోడ్ అంటారు. అలసంద వేరును ఇంకొంచెం నిదానంగా చూస్తే, ఊడివచ్చే పూసల మధ్యలో ఊడిరాని ఉబ్బులు కూడా కనబడతాయి.

మధ్యాహ్నం వాడడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అది బాక్టీరియా ఎండుతెగులు. దాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వాడిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా, రెండు అంగుళాల ముక్క కోసి, గాజుగ్లాసులోని తేట నీళ్లలో ఒక కొన మాత్రమే మునిగేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలదారంలా తెల్లగా కిందికి దిగితే బాక్టీరియా ఉన్నట్టు. నీళ్లు తేటగానే ఉంటే అది కాదు. సాయంత్రానికి మొక్క తేరుకుంటోందన్నారు, వేళ్ల నిండా ముడులున్నాయన్నారు. ఆ లక్షణాలు నులిపురుగునే చూపిస్తున్నాయి. ముడిపడ్డ వేరు నీళ్లు సరిగా అందించలేదు. అందుకే ఎరువు ఎంత వేసినా ఆకు పాలిపోయే ఉంటుంది. అనుమానం తీరకపోతే వేళ్లతో ఉన్న మొక్కను తడి గోనెలో చుట్టి దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లి చూపించండి.

ఇక మీ అసలు ప్రశ్న. టమాటా వంగజాతి, బెండ పత్తిజాతి, బీర దోసజాతి, అలసంద పప్పుజాతి. నాలుగూ నాలుగు కుటుంబాలు. పుస్తకం లెక్కన మీ మార్పిడిలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఈ పురుగు కుటుంబాలు చూడదు. ఆ నాలుగు పంటల వేళ్లూ దానికి తిండే, అందులో బెండ అయితే మరీ ఇష్టం. నాలుగేళ్లుగా మీరు వడ్డన మార్చారే గానీ దాన్ని ఒక్క పూట కూడా పస్తు పెట్టలేదు. మార్పిడి ఎప్పుడూ నేలలో ఉన్నది ఏం తింటుందో చూసి చేయాలి. బలం కోసమని పప్పుజాతి వేయమనే సలహా మంచిదే. అయితే ముడిపురుగున్న నేలలో అలసంద, పెసర, మినుము వేస్తే నేలకెంత బలమో పురుగుకీ అంతే బలం.

దాని లెక్క కూడా తెలుసుకోండి. నేల వెచ్చగా ఉంటే 25 నుంచి 30 రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. నాలుగు నెలల టమాటాలో మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి. ఆఖరి కోత అయ్యాక మోళ్లు నేలలోనే ఉంచి, తీరిక చూసుకుని దున్నుదామని పదిహేను ఇరవై రోజులు ఆగుతుంటాం. ఆ రోజుల్లో ఇంకో కాన్పు అయిపోతుంది. మీది ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేల కాబట్టి అది సులువుగా తిరుగుతుంది కూడా. పెన్నా కింద వరి పండే కోవూరు, సంగం వైపు పొలాల్లో నీళ్లు నెలల తరబడి నిలవడం వల్ల ఇంత ఉద్ధృతి కనబడదు. బోరు కింద ఎర్రనేలలో ఆ పని మనం చేయలేం. తిండి ఆపడమొక్కటే దారి.

ఆ ఊదాపూల మొక్క పొగాకు మల్లె. మీ ప్రాంతంలో పొగాకు పండించిన ప్రతి ఇంటికీ తెలిసిన బెడద. దానికి పచ్చదనం లేదు. టమాటా, వంగ, పొగాకు వేరుకు తన వేరు గుచ్చి బతుకుతుంది. విత్తనం దుమ్ములా ఉంటుంది. ఒక్క మొక్క నుంచి లక్షకు పైగా రాలగలవు, నేలలో పదేళ్లకు పైగా కూడా మొలకశక్తి పోదు. పొగాకు మానేసిన నాలుగేళ్లకు మీరు టమాటా పెడితే నిద్రలేచింది. ఆ విత్తనం ఊరికే మొలవదు, దగ్గరలో తగిన వేరు ఉందని వాసన తగిలితేనే మొలుస్తుంది. దీన్నే మనం వాడుకోవచ్చు. నువ్వు, జొన్న, పెసర, మినుము వేళ్లు దాన్ని మొలకెత్తిస్తాయి గానీ అతుక్కోనివ్వవు. మొలిచింది మొలిచినట్టే చస్తుంది. పెసర, మినుము ముడిపురుగుకు తిండి కాబట్టి మీకు పనికిరావు. నువ్వు రెండింటికీ పనికొస్తుంది. మల్లెను మొలిపించి చంపుతుంది, ముడిపురుగును పస్తు పెడుతుంది. మీ పొలానికి ఈ వేసవికి నువ్వే సరైన పంట.

ఈ వారంలో చేయాల్సింది మల్లె ఏరడం. పువ్వు విచ్చకముందే, గోనెసంచి వెంట పెట్టుకుని, కాడ విరగకుండా అడుగు నుంచి తీయండి. పువ్వు విచ్చినవాటిని ముందు సంచిలో పెట్టి ఆ తర్వాతే కదపండి. గట్టు మీద పారేయొద్దు, పెంటదిబ్బలో వేయొద్దు, గొడ్లకు వేయొద్దు. ఎండబెట్టి కాల్చేయండి. అది అయ్యాక టమాటా మోళ్లు, బెండ మోళ్లు వేళ్లతో సహా పెకలించి, ఒకచోట పోసి అవీ కాల్చండి. ముడులున్న వేళ్లను కంపోస్టులో వేస్తే మళ్లీ మీ పొలానికే వస్తాయి. కామంచి, పావిలి, అడవి తోటకూర లాంటి కలుపును కూడా వదలకండి. పంట లేని రోజుల్లో ఆ పురుగును బతికించేవి అవే.

చెక్కల సంగతి ఇలా పెట్టుకోండి. టమాటా ఉన్నది ఒకటో చెక్క, బెండ ఉన్నది రెండు, బీర మూడు, అలసంద నాలుగు అనుకుందాం. ముడిపురుగుకు తిండి అయ్యే కూర ఒక విడత వేస్తే, ఆ తర్వాత వరసగా రెండు విడతలు తిండి కాని పంట ఉండాలి. మన ఎండలకూ వానలకూ తగినట్టు ఏడాదిని మూడు విడతలుగా చూస్తే, ఒక్కో చెక్కలో ఏడాదికి ఒక్కసారే టమాటా, బెండ, బీర లాంటివి వస్తాయి. మొదటి ఏడాది మీ రాబడి తగ్గుతుంది. అది ముందే తెలుసుకుని ఇంటి ఖర్చు చూసుకోండి. నాలుగు చెక్కల్లో సగం సగం కాసే కూరల కన్నా, తక్కువ చోట బాగా కాసే కూరలే చేతికి డబ్బు తెస్తాయి.

ఒకటి, రెండు చెక్కల్లో ఫిబ్రవరి మొదటి పక్షంలోపు నువ్వు పడాలి. 10 సెంట్లకు 250 గ్రాముల విత్తనం చాలు. మూడింతలు, అంటే ముప్పావు కిలో సన్న ఇసుక కలిపి, అడుగు దూరం సాళ్లలో పైపైనే వేయండి. లోతుగా పడితే మొలవదు. పదిహేనో రోజుకు మొక్కకూ మొక్కకూ అరడుగు ఉండేలా ఒత్తు తీసేయండి. ఇది బద్ధకిస్తే నువ్వు సన్నగా పెరిగి పడిపోతుంది. నీరు తక్కువే కావాలి. ఎర్రనేలల్లో నాలుగైదు తడులు పెడితే సరిపోతుంది, మడిలో నిలిస్తే మాత్రం చచ్చిపోతుంది. పువ్వు బదులు కుచ్చులా ఆకులు పుట్టుకొచ్చిన మొక్కలు కనిపిస్తే అది వెర్రి తెగులు, పీకేయండి. ఆకులు, కింది కాయలు పసుపుబారగానే కోయాలి. కాయలు నోరు విప్పేదాకా ఉంచితే గింజంతా నేలపాలు.

నువ్వు చేతికొచ్చాక రోహిణి కార్తె ఎండలను వృథా పోనివ్వకండి. పది రోజులకోసారి చొప్పున రెండు మూడు సార్లు దున్ని, మట్టిని తిరగేసి ఆరనివ్వండి. పైకొచ్చిన పురుగు, గుడ్డు ఎండకు చస్తాయి. ఒకసారి దున్ని వదిలేస్తే పై బెత్తెడే ఎండుతుంది.

మృగశిర కార్తెలో వాన పడ్డాక, లేదా బోరు తడి ఇచ్చి, జనుము చల్లండి. ఎకరానికి 12 నుంచి 15 కిలోలంటారు, మీ 10 సెంట్లకు కిలోన్నర వేయండి, ఒత్తుగా ఉంటే కాడ మెత్తగా ఉంటుంది. జీలుగ కాకుండా జనుమే ఎందుకంటే, జనుము వేరు ముడిపురుగును ఎదగనివ్వదు. జీలుగ చౌడు నేలలకు బాగుంటుంది గానీ ఇక్కడ ఆ పని చేయదు. 45వ రోజు అటూఇటుగా తొలి పువ్వు కనబడగానే కలియదున్నాలి. ఇంకా పెరగనిస్తే కాడ నారెక్కి కుళ్లదు. దున్నే రోజున నేలలో పదును ఉండాలి. లేకపోతే ముందు తడి ఇచ్చి దున్నండి. ఆ తర్వాత మూడు వారాలు ఏమీ నాటకండి. పచ్చిరొట్ట సగం కుళ్లినప్పుడే నారు పెడితే మొదలుకుళ్లు వస్తుంది. మొక్క మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి ఉండలు కనబడితే అదే. ఎర్రనేలల్లో వేరుశనగకు వచ్చేది కూడా అదే తెగులు. అది ఉన్నచోట జనుము తర్వాత నెల రోజులు ఆగడం మంచిది.

రెండో చెక్కలో అక్టోబరులో టమాటా పెట్టుకోవచ్చు. మల్లె ఉన్న ఒకటో చెక్కలో మాత్రం టమాటా, వంగ ఇప్పట్లో వద్దు, కనీసం ఐదారేళ్లు. దానిలో అక్టోబరు నుంచి జనవరి దాకా బంతి వేసి సంక్రాంతి పూలు అమ్ముకోండి. వచ్చే ఫిబ్రవరిలో దోస గానీ బెండ గానీ బీర గానీ పెట్టండి. బంతి గురించి ఒక మాట. గట్టు చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే ముడిపురుగు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. బంతి పని దాని వేరు పాకినంత మేరే. చెక్కంతా బంతే ఉండాలి, అడుగున్నర దూరంలో సాళ్లు, సాలులో అడుగుకో మొక్క, 10 సెంట్లకు సుమారు 3000 మొక్కలు, మధ్యలో కలుపు లేకుండా మూడు నెలలు. టమాటా 16 సాళ్లకు ఒక సాలు బంతి వేయమనేది కాయతొలుచు పురుగును ఆకర్షించడానికి. దానికీ దీనికీ సంబంధం లేదు.

మూడో చెక్కలో బీర అయిపోగానే నువ్వు, జులైలో బంతి, దసరా దీపావళి పూలు అమ్మాక చూసుకుని కూర. నాలుగో చెక్కను ఆకుకూరలకూ ఉల్లికీ కొత్తిమీరకూ వదిలేయండి. రోజువారీ చిల్లర అక్కడి నుంచి వస్తుంది. తోటకూరకు కూడా ముడిపురుగు పడుతుంది, కానీ 25 రోజుల లోపు వేళ్లతో సహా పీకి కట్ట కట్టేస్తే వేరులోకి దూరినవి గుడ్లు పెట్టేలోగానే మీతో బయటికి వచ్చేస్తాయి. అప్పుడది పురుగును ఏరే పంట అవుతుంది. కోసి, మళ్లీ చిగురించనిస్తే మాత్రం పెంచే పంట అవుతుంది. కడిగిన వేళ్లు, నీళ్లు చెక్కల్లోకి పోకుండా చూసుకోండి.

నారు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చెక్కంతా శుభ్రం చేసుకుని ముడులున్న నారు తెచ్చి పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. బయట కొంటే ప్రతి కట్టలోంచి రెండు మొక్కల వేళ్లు కడిగి చూడండి, ఆవగింజంత ఉబ్బు ఉన్నా తీసుకోవద్దు. టమాటా నారు ఇంట్లో పెంచుకుంటే, సాళ్ల మధ్య ఇరవై మూడు అంగుళాలు, సాలులో అడుగున్నరకో మొక్క చొప్పున 10 సెంట్లకు సుమారు 1500 మొక్కలు కావాలి, కొబ్బరిపొట్టు నింపిన 98 గుంతల ప్రోట్రేలు 16 చాలు. నేల మీదే నారుమడి పోస్తామంటే ఏప్రిల్, మేలో ఆ మడికి నీళ్లు పెట్టి, పల్చటి తెల్ల పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మట్టిలో పూడ్చి ఆరు వారాలు ఉంచండి. నల్ల షీటు వద్దు, దాని కింద నేల అంతగా కాగదు. షీటు తీశాక ఆ మడిని లోతుగా తవ్వకండి, అడుగు నుంచి కాగని మట్టి పైకి వస్తుంది.

నాటడానికి పదిహేను రోజుల ముందు 10 సెంట్లకు 25 కిలోల వేపపిండి సాళ్లలో వేసి కలపండి. ట్రైకోడెర్మా విరిడి అనేది తెగుళ్లను అణిచే మేలు బూజు. దాన్ని 200 గ్రాములు తీసుకుని 9 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండితో కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం పది రోజులు పెంచి, సాళ్లలో చల్లండి. ఎండలో పెడితే, తడి ఆరిపోతే అది చచ్చిపోతుంది. మీ జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే కాబట్టి టమాటా బోదెల మీదే ఉండాలి. ముడిపురుగును తట్టుకుంటాయనే టమాటా విత్తనాలు దొరికితే శీతాకాలానికి వాడుకోండి. నేల వేడి 28 డిగ్రీలు దాటితే వాటి తట్టుకునే గుణం సడలిపోతుంది, వేసవికి వాటిని నమ్ముకోవద్దు. ఆకుముడత వైరస్ తెల్లదోమ వల్ల వస్తుంది, నేల నుంచి కాదు. పంట మార్చినంత మాత్రాన అది తగ్గదు. దానికి నాటడానికి రెండు మూడు వారాల ముందే చుట్టూ రెండు మూడు వరసలు జొన్న వేసుకోవాలి.

నేల కోలుకుందో లేదో మొక్క చెబుతుంది. ఆగస్టు చివరలో రెండో చెక్కలో పది చోట్ల, పై మట్టి తీసేసి జానెడు లోతు నుంచి గుప్పెడు గుప్పెడు తీసి కలపండి. అయిదు కుండీల్లో నింపి, ఒక్కో దానిలో నాలుగు దోస గింజలు వేయండి. అదే మట్టిని కొంచెం నీళ్లు పోసి పెనం మీద బాగా ఆవిర్లు వచ్చేదాకా కాచి, చల్లార్చి, ఆరో కుండీలో నింపి పోల్చడానికి పెట్టుకోండి. అన్నిటికీ ఒకేలా నీళ్లు పోయండి, ఎండనివ్వకండి. 35వ రోజున కుండీ నీళ్లలో ముంచి మొక్క తీసి వేళ్లు చూడండి. అయిదింటిలో ముడులు లేకపోతే టమాటా పెట్టండి. ఒకటి రెండు మొక్కలకు అక్కడక్కడ చిన్నవి ఉంటే వేపపిండి రెట్టింపు చేసి పెట్టొచ్చు. అన్నిటికీ ఉంటే ఆ విడత టమాటా మానుకుని బంతి వేయండి. నారు పోసేశాం కదా అని పెట్టేస్తే నాలుగు నెలల్లో మళ్లీ మునుపటి స్థితికే వస్తారు.

బొప్పాయి ఈ నాలుగు చెక్కల్లో ఎక్కడా వద్దమ్మా. దాని వేళ్లకూ ఇదే ముడిపురుగు పడుతుంది. పైగా ఒకసారి పెడితే రెండేళ్లు ఆ చెక్క మార్పిడికి దొరకదు. జామ కూడా ఇంతే. కూరగాయలు గానీ పొగాకు గానీ వేయని చోటు వేరే ఉంటే, ఆరడుగుల దూరంలో ఎత్తు మళ్ల మీద పెట్టుకోండి. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు మొదట్లో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిచినా బొప్పాయి నిలవదు.

చివరగా ట్రాక్టరు. అద్దె ట్రాక్టరు మీ పొలంలో దిగేముందు గొర్రు కర్రులకు అంటిన మట్టిని గట్టు అవతలే గీకించండి. మీ చెక్కల్లో కూడా నాలుగోది ముందు, మల్లె ఉన్న ఒకటోది ఆఖరున దున్నించి, బయటికి పంపేటప్పుడు ఇంకోసారి గీకించండి.